నిండుకున్న సబ్బులు

ఆ మాయదారి జబ్బు వచ్చాక మా వీధి జనం దుకాణానికి రావడం మానేశారు. ఇంటి ముందుగదే మా దుకాణం, నడిపేది నా మనవరాలు. అంతకుముందు ఒక్క సబ్బుబిళ్ళ కోసం వచ్చి, నాలుగు రకాలు వాసన చూసి, కబుర్లన్నీ చెప్పి, చివరికి ఎప్పుడూ కొనేదే పట్టుకుపోయేవాళ్ళు. ఇప్పుడు గుమ్మంలో పిట్ట కూడా వాలడం లేదు.

"ఇంకో వారం చూస్తానమ్మమ్మా. ఆ తర్వాత తలుపులు మూసేయడమే" అంది పిల్ల.

వారానికోసారే బండిని పోనిచ్చే రోజులవి. ఆ పొద్దున మనవరాలి మొగుడు బండేసుకుని టోకు బజారుకు వెళ్ళాడు. అటు వెళ్ళాడో లేదో, ఇటు మోగింది ఫోను! ఎదురుగా ఉన్న పెద్ద మేడవాళ్ళు. ఏనాడూ మా గడప తొక్కనివాళ్ళు, కారెక్కి పెద్ద అంగడికి పోయేవాళ్ళు. ఆ అంగడి మూతపడింది మరి. "సబ్బులున్నాయా? ఒకటీ అరా కాదు, డజన్లలో పంపండి. మెట్ల దగ్గర పెట్టి వెళ్ళండి" అని ఒకరి తర్వాత ఒకరు. మనవరాలు ఎగిరి గంతేసింది. ఉన్నవన్నీ ఊడ్చి రెండిళ్ళకు పంపింది. మిగతావాళ్ళకు సాయంత్రానికల్లా ఇస్తానని మాటిచ్చింది. మాట నిలబడితే మేడ మొత్తం మాదే. తప్పితే ఫోను మళ్ళీ మోగదు.

దాని మొగుడు బంగారం లాంటివాడు. కాకపోతే చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో పెరిగాడు, వంటింటి మాటలు చెవిన పడలేదు. అందుకే హాస్టలబ్బాయి అంటాను. బజారు నుంచి అతను ఫోను చేసేసరికి పిల్ల పొట్లాలు కడుతోంది, నేనెత్తాను.

"అమ్మమ్మగారూ, త్వరగా చెప్పండి, మూసేస్తున్నారు. సబ్బుల సంగతేంటి?"

"నిండుకున్నాయి నాయనా! పూర్తిగా నిండుకున్నాయి!"

"అబ్బ, బతికించారు!" అని పెట్టేశాడు.

బతికించడమేమిటో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం బండి వచ్చింది. మనవరాలు మాస్కు సర్దుకుంటూ పరుగెత్తింది. బండి మీద కప్పిన పట్టా తీస్తే కత్తెరలు, తలకు వేసే రంగు, టోపీలు, చదరంగం పెట్టెలు. సబ్బు వాసన కూడా లేదు.

"సబ్బులేవయ్యా?" అంది.

"నిండుకున్నాయన్నారుగా అమ్మమ్మగారు! నిండుగా ఉంటే మళ్ళీ ఎందుకని ఇవి వేసుకొచ్చా."

"అయ్యో నా రాత! నిండుకోవడమంటే అయిపోవడం!"

"ఖాళీ అయితే నిండుకున్నాయంటారా? ఎవరు పెట్టారండీ ఈ మాట?"

"నేను కాదు నాయనా! ఇంట్లో లేదని నోటితో అనకూడదని మా అమ్మ అలా అనేది, వాళ్ళమ్మా అలాగే అనేది."

మనవరాలు బస్తా మీద కూలబడింది. "మీరిద్దరూ కలిసి నా దుకాణాన్నే నిండుకునేలా చేశారు!" అంది. అంత దిగుల్లోనూ నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పేయమన్నాను. మొదట మేడలోని హెడ్మాస్టారికి ఫోను చేసింది. "సబ్బులు రాలేదండీ, క్షమించండి. కత్తెరలే వచ్చాయి."

"కత్తెరలా!" అని అటునుంచి కేక. "సెలూన్లు మూసి ఎన్నాళ్ళయిందో! నా జుట్టు చూసి మా ఆవిడే జడుసుకుంటోంది. వెంటనే పంపమ్మా!"

"మరి సబ్బులు?"

ఆయన గొంతు తగ్గించారు. "మంచం కింద పెట్టెడున్నాయిలే. అందరూ కొంటున్నారని భయమేసి నేనూ పంపమన్నాను."

ఇక చూడండి, ఇల్లిల్లూ అదే కథ! అడిగినవాళ్ళందరి ఇళ్ళలోనూ సబ్బులు గుట్టలు. లేనిదల్లా కత్తెర, రంగు, పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టే ఆట. నిజంగా సబ్బు లేనిది ఆ మేడలోనే ఉండే ఒక్క నర్సమ్మ ఇంట్లోనే. పగలంతా ఆసుపత్రిలో ఉండే మనిషి కొనేదెప్పుడు? ఆ సంగతి మనవరాలు చెప్పగానే హెడ్మాస్టారు బాల్కనీలోంచి సబ్బులు వేసిన బకెట్టు దించారు. ఆయన్ని చూసి పక్కింటావిడ, ఆవిణ్ణి చూసి పై అంతస్తువాళ్ళు. హాస్టలబ్బాయి కింద పరుగులు పెడుతూ బకెట్లలోని సబ్బులు తీసుకున్నాడు, కత్తెరలు వేశాడు. మేడంతా చప్పట్లు, కేకలు!

ఆనాటి నుంచి మేడవాళ్ళు మావాళ్ళే. మర్నాడు మధ్యాహ్నం హెడ్మాస్టారి భార్య ఫోను చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది. "మా వారు తనే కత్తిరించుకున్నారండీ. ఒక టోపీ ఉంటే..."

"టోపీలున్నాయా అబ్బాయ్?" అని కేకేశాను.

"నిండుకున్నాయి అమ్మమ్మగారూ!"

"ఏ నిండుకోవడం నాయనా, నీదా నాదా?"

"మీదే! మేడలో అందరూ సొంతంగానే కత్తిరించుకున్నారుగా!"