పెద్ద ముడి

జొన్నరొట్టె పెనం మీద వేస్తున్నాను. ఆయన వచ్చి, "ఏమే, పుస్తకం అచ్చయి వచ్చింది సూడు" అన్నాడు. మా ఆయన జయన్న ఆదోనిలో ఇంగ్లీషు సారు. చేతులు తుడుచుకుని అట్ట తిప్పాను. ఇద్దరి పేర్లూ వేయిస్తానని మాటిచ్చినవాడు తన పేరొక్కటే వేయించుకున్నాడు.

డెబ్బై ఆరులో, పెళ్లయిన కొత్తలో, పొడుగాటి ఇంగ్లీషు మాట వస్తే చాలు ఈ మనిషి తడబడేవాడు. పిల్లలు నవ్వారని అన్నం మానేసి పడుకున్న రోజులున్నాయి. పదో తరగతి పాసైనదాన్ని, అంట్లు తోముకున్నాక మధ్యాహ్నాలు నిఘంటువు ముందేసుకునేదాన్ని. ఎమ్మిగనూరులో మా నాయన మగ్గం కింద పడిన దారం ముక్కలు తెచ్చుకుని ముళ్లు వేసేదాన్ని. మాటకొక దారం, విరుపుకొక ముడి, ఒత్తి పలకాల్సిన చోట పెద్ద ముడి. ఫోటోగ్రాఫ్ అయితే మూడు ముళ్లు, పెద్దది మొదట్లో; ఫొటాగ్రఫీ అయితే నాలుగు, పెద్దది రెండోది. ఆయన ఆ దారం వేళ్ల మధ్య జార్చుకుంటూ పోతే నోరు దానంతటదే తిరిగేది. అలా అయిదేళ్లలో మూడు వందల మాటలు కట్టాను. ఆ ముళ్ల పద్ధతి మీదే ఈ పుస్తకం. పెద్ద ముడి వేలికి తగలందే ఈనాటికీ ఆయనకు నోరు పెగలదు.

ముందుమాటలో ఏం రాశాడో తెలుసా? మగ్గం చప్పుడు వింటూ కూర్చుంటే ఈ పద్ధతి తనకు తట్టిందట! మా పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడుకు తల నొస్తుందని, భోంచేసిన వెంటనే బస్సెక్కిన మనిషి. నా పేరు పోతే పోయింది, మా నాయన మగ్గాన్ని కూడా తన ఖాతాలో వేసుకున్నాడు. ఒళ్లు మండిపోయింది.

"నా పేరు యాడ?" అన్నాను.

"మొగుడూ పెండ్లాలు ఒకటే గదా, ఎవరి పేరుంటే ఏమి? ఆడదాని పేరేస్తే సార్లంతా నగుతారు. అది సరేగానీ, రేపు ట్రైనింగులో పెద్దసార్ల ముందర పాఠం సెప్పాల. కొత్త మాటలు ఇరవై కట్టి పెట్టు."

రొట్టె మాడిన వాసన వచ్చింది. మాడినదే ఆయన కంచంలో వేశాను.

తెల్లారి ఇరవై దారాలూ చేతికిచ్చి గడపలో నిలబడ్డాను, ఒక్కదాని మీదైనా వేలు పోనిచ్చి చూసుకుంటాడేమోనని. చూసుకోలేదు. ఏనాడు చూసుకున్నాడు కనుక! చొక్కా జేబులో కుక్కుకుని సైకిలెక్కాడు.

అంతా ఒకటే అన్నాడు కదా, ఇరవై దారాల్లోనూ ముళ్లన్నీ ఒకే సైజులో వేశాను.