టైర్లు నేలను పట్టుకున్న రోజు

మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పునంతా వసంతకాలపు వానలు కడిగేశాక ఫెర్న్‌డేల్‌లో గరాజ్ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. చలికాలమంతా గుడ్డల కింద ముసుగుతన్ని పడుకున్న పాత కార్లు గొంతు సవరించుకుంటూ వీధిలోకి వస్తాయి. ఆ ఏడు ఇర్మా నొవాట్ని కూడా తన పాంటియాక్ కారు మీది గుడ్డ తీసి మడతపెట్టింది.

అది సీసా రంగు ఆకుపచ్చ జీటీఓ. కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, పందొమ్మిదేళ్ళ వయసులో, ఇర్మా సొంత జీతంతో కొనుక్కున్న బండి. తర్వాత మొగుడు వచ్చాడు, వెళ్ళాడు. ఫ్యాక్టరీ మూతపడింది. మోకాళ్ళు అరిగాయి. కారు మాత్రం ఆమెతోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళయినా ఆమెకు తరచూ ఒకటే కల. వుడ్‌వర్డ్ అవెన్యూలో సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంటుంది. పచ్చలైటు పడుతుంది. ఆమె యాక్సిలరేటర్ తొక్కుతుంది. ఇంజన్ అరుస్తుంది, వెనక టైర్లు గిర్రున తిరుగుతాయి, తిరుగుతూనే ఉంటాయి. కారు మాత్రం కదలదు. కుట్టుమిషన్ సూది కింద బట్ట జారినట్టు రోడ్డే కారు కింద నుంచి మెల్లగా వెనక్కి జారిపోతుంటుంది. పక్కన ఒక నీలం ప్లిమత్ కారు అవలీలగా ముందుకు వెళ్ళిపోతుంది. దాని వెనక లైట్లు రెండూ చిన్నవై, ఇంకా చిన్నవై, చీకట్లో కలిసిపోతాయి. అక్కడ మెలకువ వస్తుంది.

ఆ ఉదయం బండి వీధి చివరికి వెళ్ళేలోపే టైర్లు దబదబమని కొట్టుకున్నాయి. ఒకే చోట నిలబడి నిలబడి అడుగున చదునైపోయినట్టున్నాయి. దిగి చూస్తే పక్కలన్నీ సన్నగా బీటలు. గోరు గుచ్చితే దిగలేదు. ఇర్మా నెమ్మదిగా నడుపుకుంటూ ఆర్మెన్ టైర్ల షాపుకి వెళ్ళింది.

ఆర్మెన్ వాళ్ళ నాన్న కాలం నుంచీ ఆమె అక్కడే టైర్లు వేయిస్తుంది. అతను కారు చుట్టూ ఒకసారి తిరిగి, పెదవి విరిచాడు.

"ఇర్మా గారూ, వీటి మీద ఇక్కడిదాకా ఎలా వచ్చారండీ? ఇవి టైర్లు కావు, ఎండిన రొట్టెలు."

"నాకూ తెలుసులే. అందుకేగా వచ్చాను. ఏమున్నాయో చెప్పు."

ఆర్మెన్ లోపలికెళ్ళి రెండు టైర్లు దొర్లించుకుంటూ వచ్చాడు. మొదటిదాని పక్కన సన్నటి ఎర్రగీత, బొట్టు దిద్దినంత శుభ్రంగా ఉంది.

"ఈ కారు ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చినప్పుడు దీనికి ఉన్నవి ఇలాంటివే. చూడ్డానికి అచ్చం అప్పటిలాగే ఉంటుంది. ప్రదర్శనకి పెడితే ఎవరూ వంక పెట్టలేరు. కానీ నడిపితే కూడా అప్పటిలాగే ఉంటుంది మరి. స్టీరింగ్ మీద చెయ్యి తీశారంటే అది దానిష్టం."

"రెండోది?"

రెండోది వెడల్పుగా, నల్లగా, ఏ గీతా లేకుండా ఉంది. ఇర్మా వంగి బొటనవేలితో నొక్కింది. రబ్బరు మెత్తగా లోపలికి వెళ్ళి, వేలిని కాస్త పట్టుకుని వదిలింది. పసిపిల్ల అరచేయి గుర్తొచ్చింది ఆమెకు.

"అది మీకు కాదండీ," అన్నాడు ఆర్మెన్. "రేసులకి వాడేది. నేలకి అతుక్కుంటుంది. కానీ వానలో నమ్మలేం, చలిలో రాయిలా బిగుసుకుపోతుంది."

"నేనూ అంతే కదా."

"పైగా మీ పాత రిమ్ములకి సరిపోదు. వాటిని తీసి అటకెక్కించి, పెద్ద రిమ్ములు వెయ్యాలి. వేసవి అయ్యేసరికి సగం అరిగిపోతుంది. ఎర్రగీతవి వేయించుకోండి. ఈ కారుకి అవే అందం."

ఇర్మా ఆ ఎర్రగీత వైపే చూసింది. ఆ గీతతోనే కదా ఆమె యవ్వనమంతా గడిచింది. సరే అనబోతుండగా బయట ఒక ఇంజన్ శబ్దం వినిపించింది. అడుగున ఎక్కడో పీపా దొర్లుతున్నట్టు గంభీరమైన శబ్దం. ఇర్మా తల తిప్పకుండానే గుర్తుపట్టింది. 

నీలం ప్లిమత్ వచ్చి షాపు ముందు ఆగింది. అందులోంచి పొడుగాటి ముసలాయన ఒకాయన దిగాడు. ఇర్మాకి ఆయన పేరు తెలియదు. ఆ రోజుల్లో సిగ్నళ్ళ దగ్గర పందేలు వేసుకున్నప్పుడు కారు అద్దంలోంచి కనిపించిన ఎడమ చెవి, ఎడమ దవడ మాత్రమే తెలుసు. చెవి అదే.

ఆయన ఇర్మాని చూడలేదు. ఆకుపచ్చ కారుని చూశాడు. టోపీ తీశాడు.

"ఓరి దేవుడా! ఈ బండి ఇంకా బతికే ఉందా?"

"బండీ ఉంది, నడిపే మనిషీ ఉంది," అంది ఇర్మా. "ఏమయ్యా, ఒక్కసారైనా పక్కకి తిరిగి చూసేవాడివి కాదు. ఇప్పుడు మాత్రం టోపీ తీస్తావా?"

"చూడకపోవడమేంటమ్మా! పచ్చలైటు పడేదాకా నిన్నే చూసేవాణ్ణి. నువ్వు ఆ లైటు తప్ప ఇంకేదీ చూడవు కదా."

ఆయన పేరు ఎల్‌వుడ్ పికెన్స్. పాంటియాక్ అనే ఊళ్ళోనే ఉంటాడట, ఎర్రగీత టైర్ల కోసమే వచ్చాడట. ఆర్మెన్ మూడు కప్పుల్లో కాఫీ పోసి తెచ్చాడు. టైర్ల వాసన మధ్య, ఎండపడే చోట కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"ఒకటి అడుగుతాను చెప్పు," అంది ఇర్మా. "నీ బండికీ నా బండికీ ఒకే రకం టైర్లు. నావి పొగలు కక్కుతూ తిరిగేవి, నీవి పట్టుకునేవి. ఏం చేసేవాడివి? కాలు అంత నెమ్మదిగా వేసేవాడివా?"

ఎల్‌వుడ్ పకపకా నవ్వాడు. "కాలూ లేదు, చెయ్యీ లేదు. డిక్కీలో మా బావమరిది ఉండేవాడు."

"ఎవరు?"

"బ్యూఫర్డ్ అని, దున్నపోతులాంటి మనిషి. పాపం, చిప్స్ పొట్లం ఒకటి చేతికిస్తే చాలు, డిక్కీలో పడుకునేవాడు. వెనక బరువుంటే టైర్లు జారవు కదా! ఒక్కసారి మాత్రం లోపల తుమ్మాడు. నువ్వు వింటావేమోనని హడలిపోయాను."

ఆర్మెన్ కాఫీ పొలమారి దగ్గాడు. ఇర్మా నవ్వలేదు. ఇన్నేళ్ళుగా తన కాలిదే తప్పనుకుంది. కలలో కూడా కాలినే తిట్టుకుంది. చీకట్లో కలిసిపోయిన ఆ వెనక లైట్ల మధ్య ఒక లావుపాటి మనిషి చిప్స్ నములుతూ పడుకుని ఉన్నాడన్నమాట! కోపం వచ్చింది. ఆ కోపం కింద నుంచి నీటిబుడగలాగా ఏదో తేలికగా పైకి తేలింది.

"ఆర్మెన్," అంది లేస్తూ. "ఆ నల్లవే వెయ్యి."

"ఇర్మా గారూ, ఒకసారి ఆలోచించుకోండి..."

"ఆలోచించాను. ఎర్రగీతలు ఈయనకిచ్చెయ్. ఏమయ్యా పికెన్స్, రేసు బాటకి వస్తావా? డిక్కీ తెరిచి చూపించాకే మొదలుపెడదాం."

ఎల్‌వుడ్ టోపీ మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. "బ్యూఫర్డ్ పోయి చాలా కాలమైందమ్మా. ఇప్పుడు నా డిక్కీలో స్టెప్నీ తప్ప ఏమీ లేదు. వస్తాను."

జూన్ నెలలో ఒక శనివారం, ఊరికి దక్షిణాన పొలాల మధ్య ఉన్న రేసు బాటకి ఇద్దరూ వెళ్ళారు. డబ్బు కట్టి ఎవరి బండి వాళ్ళు నడుపుకునే రోజది. ఎండ పల్చగా కాస్తోంది. మొక్కజొన్న చేల మీద నుంచి వచ్చే గాలిలో పెట్రోలు వాసన, ఉల్లిపాయల వేపుడు వాసన. ఇర్మా ఎల్‌వుడ్ డిక్కీ నిజంగానే తెరిపించి, లోపల తల పెట్టి చూసింది. వెనక నిలబడ్డ కుర్రకారు ఈలలు వేశారు.

ఆర్మెన్ చెప్పినట్టే వెనక టైర్లలో గాలి కొంచెం తగ్గించింది. తడి నేల మీద చక్రాలు గిర్రున తిప్పి రబ్బరు వేడెక్కించింది. తర్వాత పందెం మొదలయ్యే గీత దగ్గరికి వచ్చి ఆగింది. కుడిపక్కన నీలం ప్లిమత్. ఈసారి ఆమె పక్కకి తిరిగి చూసింది. ఎల్‌వుడ్ కూడా చూస్తున్నాడు. రెండు వేళ్ళు టోపీ అంచుకి తాకించాడు.

పసుపు దీపాలు. పచ్చ.

ఇర్మా తొక్కింది. కాలు దానంతటదే ఆ పాత అరుపు కోసం, ఆ జారుడు కోసం ఎదురుచూసింది. అది రాలేదు. టైర్లు నేలను పట్టుకున్నాయి. ఎవరో రెండు పెద్ద చేతులతో కారుని వెనక నుంచి ఎత్తి ముందుకు అందించినట్టయింది. సీటు ఆమె వీపులోకి వచ్చి హత్తుకుంది. ముందు చక్రాలతో సహా బానెట్ పైకి లేచింది. ఒక క్షణం రోడ్డు లేదు, చేలు లేవు, అద్దం నిండా ఆకాశమే. అందులో ఒక తెల్లటి మబ్బు తీరిగ్గా పోతోంది. ఇంజన్ ఎంత అరిచిందో ఆమెకు వినపడలేదు. తన ఊపిరి మాత్రం వినపడింది.

ముందు చక్రాలు దిగాక అద్దంలోకి చూసింది. వెనక పొగమబ్బు, ఆ మబ్బులోంచి మెల్లగా బయటికొస్తున్న నీలం ప్లిమత్ ముఖం. నాలుగు గుండ్రటి లైట్లు, మధ్యలో జాలీ. ఇన్నేళ్ళలో ఆ కారుని ముందు నుంచి పరుగెత్తుతుండగా చూడటం అదే మొదలు. ఎంత బాగుందో అనుకుంది.

బాట చివర కారు ఆపింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. నిద్ర వచ్చినట్టు మాత్రం ఉంది, స్నానం చేసిన పిల్లకి వచ్చేలాంటి నిద్ర. ఎల్‌వుడ్ వచ్చి పక్కన ఆపి, దిగి ఆమె కిటికీ మీద మోచేతులు ఆనించాడు.

"ఎలా ఉంది?"

"చెప్పలేను. ఎక్కు, చూద్దువు గాని."

"వద్దమ్మా, నా గుండె ఒప్పుకోదు. నెమ్మదిగా తిప్పితే వస్తాను."

ఆయన ప్లిమత్‌ని గడ్డి మీద ఆపి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇర్మా వెనక్కి వెళ్ళే కంకర బాట పట్టింది. వేడెక్కిన టైర్లు దారిలో ఉన్న చిన్న రాళ్ళన్నిటినీ ఏరుకుని మడ్‌గార్డుల లోపలికి విసురుతున్నాయి. రేకు పైకప్పు మీద చినుకులు పడుతున్నట్టు టపటపమని చప్పుడు.

"వానా?" అన్నాడు ఎల్‌వుడ్ ఆకాశం వైపు చూస్తూ.

"కాదు, టైర్లే. కనపడిందల్లా పోగుచేసుకుంటున్నాయి."

 చేల అంచున ఒక ఎర్ర ట్రాక్టరు పోతోంది.

"బ్యూఫర్డ్‌కి ఇది నచ్చేది," అన్నాడు ఎల్‌వుడ్. "డిక్కీలోంచి వాడికి ఎప్పుడూ ఏమీ కనపడలేదు పాపం."

"డిక్కీలో దాచకుండా చెప్పుంటే, నా పక్క సీట్లో నేనే ఎక్కించుకునేదాన్ని కదా! ఆకలేస్తోంది. తిండి ఎక్కడ?"

"ఆ డేరా దగ్గర సాసేజ్ బన్నులు వేస్తున్నారు. ఓడిపోయినవాడిని, నేనే కొనిపెడతాను."

"ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమను," అంది ఇర్మా, కారుని డేరా వైపు తిప్పుతూ.