పెనిమిటి పేరు

"మేయర్ గారూ, టీలో పంచదార తక్కువైనాదమ్మా!" అని హాల్లోంచి కొండబాబు కేకేశాడు. హాలంతా గొల్లుమంది. వంటింట్లో ఈశ్వరి కూడా నవ్వింది. ఏం చేస్తుంది మరి, పంచదార డబ్బా తన చేతిలోనే ఉందాయె. తన ప్రచారానికని భర్త వెంటేసుకొచ్చిన మగాళ్లందరికీ తానే టీ కాచే మేయర్ అభ్యర్థిని ఎక్కడైనా చూశామా? ఆ ఇంట్లో చూడొచ్చు.

పొందూరులో తల్లి రాట్నం పక్కన కూర్చుని పదో తరగతి చదివిన పిల్ల ఈశ్వరి. పెళ్లయి ఈ నగరానికొచ్చింది, ఐదేళ్లుగా తమ వార్డుకి కార్పొరేటర్. వీధిలో ఎవరైనా "కార్పొరేటర్ గారూ" అని పిలిస్తే మాత్రం వెనక్కి తిరిగేది ఆమె భర్త తిరుమలరావు. తుఫాను నాడు మోకాలి లోతు నీళ్లలో నడిచి, బడి తాళం రాయితో పగలగొట్టి, వీధి జనాన్నంతా లోపలికి చేర్చి గంజి కాచి పోసింది ఆమె. నీళ్లు తీశాక ఫొటోకి వచ్చింది ఆయన. కాలువ పూడిక కోసం ఆఫీసు మెట్లు ఎక్కి దిగింది ఆమె, రిబ్బను ముందు కత్తెర పట్టింది ఆయన.

తిరుమలరావు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "సాయంత్రం మీటింగులో ఏటి సెప్పాలో గురుతుందా? తుఫానప్పుడు గంజి పోసింది తిరుమలరావు. కాలవ తీయించింది తిరుమలరావు. 'మా ఆయన' అంటే ఎవుడికి తెలస్తాది? పేరెట్టి సెప్పాల."

ఈశ్వరి అత్తగారి వైపు చూసింది. జగ్గమ్మ పీట మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. కాపురానికి వచ్చిన రోజే ఆవిడ పెట్టిన కట్టు అది: "పెనిమిటి పేరు నోటితో పలికితే ఆయుస్సు తరిగిపోతాది." అందుకని ఈశ్వరి తిరుమలని కూడా 'కొండ' అనే అంటుంది. ఒకసారి కూతురు జ్వరంతో కాలిపోతుంటే ఆసుపత్రిలో చీటీ రాసే అతను తండ్రి పేరు అడిగాడు. "ఏడుకొండలాయన ఉండే చోటు పేరండి" అంది. "పొడుపు కథేటమ్మా?" అని అతను పక్కవాడితో కలిసి నవ్వాడు. భుజం మీద పిల్ల మూలుగుతోంది. వెనకాల ఎవరో ముసలామె విడమరిచి చెప్పేదాకా ఈశ్వరి తల దించుకుని నిలబడే ఉంది. ఇంటికొచ్చాక జగ్గమ్మ, "బాగా సేసినావే, పరువు నిలబెట్టినావు" అని మెచ్చుకుంది.

ఇప్పుడు అదే జగ్గమ్మ తలెత్తకుండా, "ఓట్ల కోసవే కదేటి. ఒక్కపాలికి పరవాలేదులే, పలుకు" అంది.

టీ పొంగి పొయ్యి మీద పడింది. ఈశ్వరి చూడలేదు. కన్నబిడ్డకి జ్వరమొస్తే సడలని కట్టు, ఆయనకి పేరొస్తుందంటే ఇంత తేలిగ్గా సడలిపోయిందా? అయితే ఇన్నేళ్లూ నా నోరు కట్టింది ఆయన ఆయుష్షు కోసం కాదన్నమాట. పోనీ, ఆయన చెప్పమన్నది చెప్పేస్తే? చెప్పేస్తే రేపు మేయర్ కుర్చీలోనూ ఆయనే కూర్చుంటాడు, నేను టీ పట్టుకెళ్తాను. చెప్పకపోతే మళ్లీ ఈ ఇంటికే కదా రావాలి, ఈ మనిషి మొహమే కదా చూడాలి. పొద్దువాలేదాకా టీ గ్లాసులు కడుగుతూ ఆమె అదే లెక్క వేసుకుంది.

వీధి మధ్య స్టేజీ కట్టారు. ముందు వరసలో తిరుమలరావు, పక్కన జగ్గమ్మ. ఈశ్వరి మైకు పట్టుకుంది.

"తుఫానప్పుడు మీకు గంజి పోసింది..." అని ఆగింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ముందు వరసలో ఆయన కండువా సర్దుకున్నాడు.

"నాను," అంది.

"అవునమ్మా, నువ్వే! నీ సేతి గంజే తాగినాం!" అని ఆడవాళ్లలోంచి ఎవరో అరిచారు.

"కాలవ తీయించింది..." ఈసారి ఆగలేదు. "నాను."

ఇంటికొచ్చాక తిరుమలరావు చెప్పులైనా విప్పకుండా విరుచుకుపడ్డాడు. "నా పేరేదే?"

"నీ పేరు నానెలా పలుకుతాను బావా? ఆయుస్సు తరిగిపోదేటి? అత్తమ్మనడుగు." అంది ఈశ్వరి.

జగ్గమ్మ చింతపండు పళ్లెం ముందుకి లాక్కుని మళ్లీ పిక్కలు తీయసాగింది.

ఈశ్వరి పంచదార డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "రేపు తెల్లారగానే నాను ప్రచారానికి ఎల్లిపోతాను. నీవోళ్లకి టీ నువ్వే కాయి బావా. కొండబాబుకి పంచదార కొంచెం ఎక్కువెయ్యి."