రంగు

కొండ మలుపులో యసొకిచి మళ్ళీ ఆగి కళ్ళు నులుముకున్నాడు. పైన్ చెట్ల సందులోంచి కజెమాచి రేవంతా కనిపించాలి. తెల్లటి మసకలో డబ్బాచేపల ఫ్యాక్టరీ పొగగొట్టం ఒక్కటే తేలింది. అది సముద్రం మీది మంచో, తన కంట్లోదో తేల్చుకోలేక విసుక్కుంటూ ఎక్కాడు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. చలి అనుకున్నాడు.

బయలుదేరేటప్పుడు భార్య తొమె అడిగింది.

"కళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోదాం?"

"రంగు రానీ."

"వచ్చేదాకా అంటావు, వచ్చాక పోయేదాకా అంటావు. నీ కళ్ళు ఆగొద్దూ?"

ఆ ఊళ్ళో చేపలొచ్చాయని ఎవరూ అనరు. చలికాలంలో బొర చేపల మంద ఒడ్డుకు చేరితే నీటి మీద ఎర్రజీర తేలుతుంది. అదే రంగు. కొండకొమ్మున పాకలో కూర్చున్నవాడు దాన్ని చూసి, గుడ్డపీలికలు కట్టిన కర్ర ఊపితే కింద రెండు పడవలూ కదులుతాయి. గాలి కోసం సరుకు ఓడలు ఈ రేవులో ఆగిన రోజుల నుంచీ అంతే. యసొకిచికి ముందు వాళ్ళ నాన్న కూర్చున్నాడు. ఇప్పుడు ఓడలు లేవు, రైలుంది. మూడు ఊళ్ళు కలిపి నగరమని పేరు పెట్టారు.

పోయిన చలికాలం యసొకిచి ఒక మబ్బునీడను చూసి కర్ర ఊపాడు. ఖాళీ నీటికి వల చుట్టి వచ్చారు. అప్పటినుంచీ చేపలు ఎండేసే ఆడవాళ్ళు అతను కనబడితే చాలు, "మబ్బులు తూకానికి ఇస్తావా, ఊరికే ఇస్తావా?" అంటారు.

నిన్న వలపెద్ద గెంపాచి ఎదురై తల గోక్కున్నాడు. "రేపొక్కరోజే బాబాయ్. రేపూ రంగు రాకపోతే పడవలు అమ్మేస్తామంటున్నారు, వాటి యజమానులు. మావాళ్ళు సగంమంది ఇప్పటికే ఫ్యాక్టరీలో పేరిచ్చేశారు."

పాకలో యసొకిచి కుదురుగా కూర్చోలేకపోయాడు. లేచాడు, కూర్చున్నాడు, చాప జరిపాడు. అన్నం ముద్ద సగం కొరికి పక్కన పెట్టేశాడు. గాలి పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది.

పొద్దు పడమరకు తిరిగాక, రేవు ముందరి నల్లరాతి అవతల నీళ్ళు మారినట్టనిపించింది. కుడికన్ను మూసి చూశాడు. ఎడమకన్ను మూసి చూశాడు. ఉంది. తలెత్తితే ఆకాశంలో మబ్బుతునకలూ ఉన్నాయి. గుండెలో ఏదో గట్టిగా పట్టేసింది. తప్పయితే ఇక ఆ వీధుల్లో తలెత్తి నడవలేడు. ఊరుకుంటే పడవలే ఉండవు.

కర్ర ఎత్తాడు.

కుడికి ఊపాడు. ఇంకా కుడికి. పడవలు రెండుగా చీలాయి. కర్రను ఒక్కసారిగా కిందికి దించాడు. వల పడింది. నీళ్ళు తెల్లగా ఉడికాయి. కిందనుంచి పెద్ద కేక లేచింది. అది సంబరమో తిట్లో గాలిలో తెలియలేదు. యసొకిచి కళ్ళు చికిలించి, పాక గుంజకు ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు.

గెంపాచి కొండెక్కి వచ్చేసరికి ఎండ పల్చబడింది. మొప్పల్లోంచి గడ్డితాడు దూర్చిన పెద్ద చేప చేతిలో ఉంది. మొదటి చేప కొండమీదివాడిది. యసొకిచి ఇంకా సముద్రంవైపే తిరిగి కూర్చుని ఉన్నాడు. కాపలాలో ఉన్నవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. కన్ను తిరిగితే రంగు పోతుంది. ఇంకో మంద కనబడిందేమోనని గెంపాచి చేపను గుమ్మం పక్కన పెట్టి, చప్పుడు కాకుండా వెనక చతికిలబడ్డాడు. సిగరెట్టు వెలిగించాడు. అది అయిపోయింది. ఇంకోటి వెలిగించాడు. ముసలాయన ఓపికకు లోలోపల నవ్వుకున్నాడు కూడా.

రేవులో దీపాలు వెలిగాయి. ఆ చీకట్లో ఎవరికి మాత్రం ఏ రంగు కనిపిస్తుంది?

"బాబాయ్," అన్నాడు నెమ్మదిగా, తప్పు చేస్తున్నవాడిలా. "మబ్బు కాదు. రంగే. వలలో పట్టనన్ని పడ్డాయి. పడవలు అమ్మరట. విన్నావా?"

ముందుకు వెళ్ళి, వంగి ముఖంలోకి చూశాడు.

నలుగురు వచ్చి, పాక తలుపు ఊడదీసి, దానిమీద యసొకిచిని కిందికి దించారు. తొమె దగ్గరికి ముందుగా ఎవరు వెళ్ళాలన్నది దారి పొడుగునా తేలలేదు. తలుపులేని గుమ్మం పక్కన, గడ్డితాడుతోనే, చేప ఉండిపోయింది. చలికి బిగిసి, నోరు కొంచెం తెరిచి.