మూరెడు మట్టి

అంకెలు అబద్ధమాడవని నా గట్టి నమ్మకం. మనుషుల మీద అంత నమ్మకం ఉండేది కాదు. 1958లో ఏలూరు సర్వే క్యాంపులో లెక్కలు కట్టే ఉద్యోగం నాది. పేరు నరసరాజు, నోరు కాస్త దురుసు.

భూమిని తవ్వకుండానే లోపల ఏముందో చెప్పడం మా పని. అరమైలుకొక మేకు పాతి, దాని పక్కన గ్రావిమీటర్ అనే చిన్న పెట్టెను పెట్టి, అక్కడ భూమి ఎంత బలంగా లాగుతోందో చూస్తారు. అడుగున బరువైన రాయి ఉంటే అంకె పెరుగుతుంది. అంకెలన్నీ గ్రాఫు మీద పెట్టి గీత కలిపితే గుట్టలా లేస్తుంది. ఆ గుట్ట వెడల్పుగా ఉంటే రాయి బాగా లోతున ఉన్నట్టు, ఇరుకుగా ఉంటే పైపైనే ఉన్నట్టు. కొల్లేటి బురద కింద రాయి నాలుగు వేల అడుగుల లోతున ఉందని మార్చి నెల అంకెలతో నేనే తేల్చాను.

ఆ అంకెలు తెచ్చినవాడు యోసేపు. పెదపాడు మనిషి, ఇద్దరు పిల్లలు, టెంపరరీ ఉద్యోగం. జూన్‌లో మరోసారి సరిచూడాల్సి వచ్చినప్పుడు అతను చలిజ్వరంతో మంచాన పడ్డాడు. పెట్టె నేనే మోసుకెళ్లాను. అన్ని చోట్లా అంకెలు కలిశాయి. కొల్లేటి లంకలో సూరమ్మ అనే ఆవిడ ఇంటి దిబ్బ మీద మాత్రం మిల్లీగాల్‌లో, అంటే ఆ లాగుడును మేం కొలిచే ప్రమాణంలో, పదో వంతు తగ్గింది. వినడానికి అది పిసరంతే. నా గీతకు మాత్రం నడిమధ్య గుంట పడి, ఒక వెడల్పాటి గుట్ట రెండు ఇరుకు గుట్టలైంది. నాలుగు వేల అడుగులు కాస్తా పదమూడు వందలకు వచ్చి కూర్చున్నాయి.

నా వైపు తప్పు ఉండొచ్చని నాకు తోచనే లేదు. మార్చిలో యోసేపు లంక దాకా వెళ్లకుండా, అటూ ఇటూ అంకెలు చూసి ఊహించి రాసి ఉంటాడని కాగితం మీద పెట్టి ఆఫీసరు నాగేశ్వరరావు గారికి ఇచ్చాను. ఆయన యోసేపును పిలిపించి, కాగితం చూపించి, శనివారం నుంచి పనిలోకి రానక్కర్లేదన్నారు.

శుక్రవారం పొద్దున్నే యోసేపు నా దగ్గరికి వచ్చాడు. జ్వరానికి మనిషి సగమయ్యాడు.

"రాజు గారూ, ఒక్కసారి నాతో ఆ లంకకి రండి. నేను వెళ్లానో లేదో ఆవిడే చెబుతుందండి."

విసుక్కుంటూనే బయలుదేరాను. దోనె దిగి సూరమ్మ ఇంటి ముందుకు రాగానే యోసేపు ఆగిపోయాడు.

"ఇక్కడ మూడు మెట్లుండాలండి. కింది మెట్టు మీద కూర్చునే నేను అన్నం తిన్నాను."

ఇప్పుడు ఒక్క మెట్టే ఉంది.

వల ఆరేస్తున్న సూరమ్మ యోసేపును చూడగానే పలకరించింది. "ఏం బాబూ, ఇలా చిక్కిపోయారేంటండీ? అప్పుడు నా పులుసు మారడిగి మరీ తిన్నారు!" మెట్ల సంగతి అడిగితే నవ్వింది.

"ఏటా వైశాఖంలో దిబ్బ ఎత్తు చేసుకుంటామండి. నిరుడు వరద గుమ్మం దాకా వచ్చేసింది. అందుకని ఈసారి మూరెడు మట్టి పోశామండి."

"మరి మా మేకు?"

"సర్కారు వారి మేకుని పూడ్చేస్తానేంటండీ? పీకి, పసుపు రాసి దాచి, మట్టి పోశాక మళ్లీ అక్కడే పాతాను. గుమ్మం నుంచి సరిగ్గా నాలుగు మూరలు కొలిచానండి. వెంట్రుకవాసి కూడా జరగలేదు."

నిజమే, పక్కకి జరగలేదు. పైకి జరిగింది. ఎత్తుకు వెళ్లేకొద్దీ భూమి లాగే బలం తగ్గుతుంది. నేనేమో పాత ఎత్తుతోనే లెక్క కట్టాను.

యోసేపు ఆ మెట్టు మీద కూలబడ్డాడు. "ఈ మూరెడు మట్టికా అండీ నా ఉద్యోగం పోయింది?"

సూరమ్మ ఆ మాట విని లోపలికి వెళ్లి పార తెచ్చింది. మేకు చుట్టూ తవ్వడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"మట్టి తీసేస్తానండి. అప్పుడు మీ అంకె సరిపోద్దిగా? వరదొస్తే ఏదో పడతాం లెండి. పిల్లలున్న మనిషండి, ఉద్యోగం పోకూడదు."

పైన వానమబ్బు కమ్ముకుని ఉంది. నాకు సిగ్గేసింది. ఆవిడ చేతిలో పార లాక్కున్నాను.

"తవ్వక్కర్లేదమ్మా. ఎత్తెంతో తెలిస్తే చాలు."

వెంట తెచ్చిన మార్చి నాటి కొలతల పుస్తకంలో గుమ్మం ఎత్తు కూడా రాసి ఉంది. అప్పుడు మేకు దగ్గర నేల గుమ్మానికి రెండడుగుల మూడంగుళాలు కింద ఉండేది. ఆవిడ తవ్వని చోట టేపు పెట్టి చూస్తే తొమ్మిదంగుళాలే. అడుగున్నర తేడా. అక్కడే కూర్చుని, పోసిన మట్టి బరువుతో సహా లెక్క కట్టాను. పదో వంతూ సరిపోయింది. గుంట పూడిపోయి నా గీత మళ్లీ ఒకే గుట్ట అయింది.

"యోసేపూ, నీ అంకె సరైనదే. తప్పు నాది. ఇవాళే ఆఫీసరు గారికి రాసిస్తాను." టేపు చుట్టి పక్కన పెట్టాను. "నీ మీద ఆ కాగితం రాసింది కూడా నేనేనయ్యా. క్షమించు."

సూరమ్మ తవ్విన గుంటలోకి యోసేపు తట్టతో మట్టి ఎత్తిపోస్తున్నాడు. తల ఎత్తలేదు.

"తెలుసండి. మీ చేతిరాత నేనెరగనా? ఒక్కో లెక్క నాలుగేసిసార్లు చూసుకుంటారు మీరు. తప్పు కనబడితే దాచుకోరని మిమ్మల్నే రమ్మన్నానండి."

నేను చెప్పులు విడిచి రెండో తట్ట అందుకున్నాను.