రేపటికి నిప్పు

పార నిండా బొగ్గెత్తి పొయ్యిలోకి విసిరి తలుపు మూశాడు దేవదానం. మూసీ మూయగానే మళ్లీ తెరిచి చూశాడు. గుడివాడ దాటినప్పటి నుంచీ ఇదే వరస. ఆవిరి ఎక్కువై ఇంజన్ నెత్తిమీద వాల్వు బుస్సుమంటోంది.

"పెళ్లికి వండుతున్నావటయ్యా? కాస్త కూర్చో," అన్నాడు డ్రైవరు జగన్నాథం.

కూర్చోవడానికి ఒంట్లో స్థిమితం ఉంటేగా. బందరు లైనులో చిన్న ఇంజన్లకు ఇదే ఆఖరి రోజు. ఇక ఈ పట్టాలు పీకి వెడల్పువి వేస్తారు, ఈ ఇంజన్ తుక్కుకి పోతుంది. పెద్ద ఇంజన్ల మీదికి బొగ్గు వేసే ఫైర్‌మన్లను తీసుకుంటున్నారు గానీ, కళ్ల పరీక్షలో దేవదానానికి దూరపు దీపం ఆనలేదు. ఆ చూపును తినేసింది ఈ పొయ్యి వెలుగే. అయినా సరే, స్టోర్సుకు పొమ్మన్నారు. ఇరవై ఏళ్లు నిప్పు ముందు నిలబడ్డవాడు పోయి మేకులకూ బోల్టులకూ కాపలా కాయాలట. అదీ ఒక బతుకేనా. ఫోర్‌మన్‌తో మరోసారి మాట్లాడి చూస్తానని జగన్నాథం అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని పొద్దున్నుంచీ అతని ప్రాణం కొట్టుకుంటోంది.

మనిషి ఎండిన తుమ్మమొద్దులా ఉంటాడు. కుడి ముంజేతి మీద వెంట్రుక మొలవదు, సెగ ఏనాడో కాల్చేసింది. ఆదివారం చర్చికి తెల్లచొక్కా తొడిగినా మెడ మడతల్లో నలుపు పోదు. "నిన్ను ఉతికే సబ్బు ఇంకా పుట్టలేదు," అంటుంది భార్య దయామణి.

పెడనలో బండి ఆగింది.

"అడుగుతారు కదండీ?"

"అడుగుతానన్నాను కదయ్యా."

చిలకలపూడిలో మళ్లీ అదే ప్రశ్న. ఈసారి జగన్నాథం విజిల్ తాడు లాగాడు.

బందరు చేరి, ఇంజన్‌ను షెడ్డులో నిలబెట్టి, జగన్నాథం ఫోర్‌మన్ గదిలోకి వెళ్లాడు. దేవదానం చేతులు ఊరుకుంటేనా. బూడిద లాగాడు. మంచి నిప్పంతా పొయ్యి వెనక మూలకు కుప్పచేసి, పైన తడిబొగ్గు కప్పాడు. అలా కప్పెడితే నిప్పు రాత్రంతా బతికి, పొద్దుటి బండికి అందుకుంటుంది. రోజూ చేసే పనే.

జగన్నాథం తిరిగొచ్చి పొయ్యిలోకి తొంగిచూశాడు.

"దేవదానం, రేపు బండి లేదయ్యా."

దేవదానం పార కింద పెట్టాడు. "మరి ఫోర్‌మన్ గారేమన్నారండీ?"

"కళ్ల సంగతి తన చేతిలో లేదన్నారు."

దేవదానం ఏడ్చాడు. దాచడమెందుకు, చంటిపిల్లాడిలాగే ఏడ్చాడు. తరవాత పొడుగు కడ్డీ అందుకుని, తను కప్పిన నిప్పును తనే విప్పి, అంతా పట్టాల కింద బూడిద గోతిలోకి లాగేశాడు. నీళ్లూ తనే పోశాడు. జగన్నాథానికి దండం పెట్టి, ఇంజన్ దిగి, పట్టాల వెంబడి ఇంటిదారి పట్టాడు. ఎవరూ పిలవలేదు.

పొయ్యి తలుపు పైన, వేడిగా ఉంటుందని దేవదానం పొద్దున పెట్టుకున్న అన్నం క్యారియర్, మూత కూడా తీయనిది, ఇంకా వెచ్చగానే ఉంది.