లేయి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: పర్శరాములు మామ, రాజమణి అత్తమ్మ, వాళ్ళ కొడుకు శ్రవణ్ బావ, ముందురోజే పుట్టింటి నుంచి తిరిగొచ్చిన బావ భార్య హైందవక్క, ఆమెను దింపడానికి వచ్చిన తండ్రి రాఘవయ్య, అక్క ఒళ్ళో ఐదో నెల కొడుకు. నేను.

బళ్ళో ఆ రోజు నాకు ఇటాలియన్ మౌఖిక పరీక్ష. అందులో మొదటి ప్రశ్న అదేనని, ఆ భాష చెప్పే మంజూష మేడం ముందే చెప్పారు. మీ ఇంట్లో ఎవరెవరున్నారు? అందుకే ఆ పొద్దున పొయ్యి ముందు నిలబడి టీ వడపోస్తూ, ఒక్కొక్కరినీ ఆ భాషలో లోపల్లోపలే చెప్పుకుంటున్నాను. లుయి అంటే అతను. లేయి అంటే ఆమె. మామ లుయి. బావ లుయి. హైందవక్క లేయి. నాకు పది మందిలో గొంతు రాదు. అందుకే పెదాలు కదిలించడమైనా అలవాటు కావాలని కదిలిస్తున్నాను.

"అందరికి పొయ్యవే, సల్లారుతది," అంది అత్తమ్మ గ్లాసులు పేరుస్తూ. ఆ అందరిలో నా గ్లాసు ఉండదు. తన గ్లాసు కూడా ఉండదు. మిగిలితే మేమిద్దరం గిన్నెలోంచి తాగుతాం.

హాల్లోంచి మామ గొంతు వినిపించింది. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి వియ్యంకులు. అమ్మాయి సోమవారం నుంచి ఆఫీసుకు పోనీ. పిల్లగాన్ని చూస్కోనికి అది ఉన్నది గద."

"అదెవరు?" అన్నాడు రాఘవయ్య.

"మా బామ్మర్ది బిడ్డ. ఊర్ల ఉంటుండె, తెచ్చిన. మస్తు పనిమంతురాలు. మాట సుత బయటికి రాదు."

"బడికి పోతుందని చెప్పింది మా హైందవి?"

"పోయింది, అయిపోయింది. ఇయ్యాల్టి నుంచి బంద్. పదో తరగతి పరీక్ష ఊర్లనే ప్రైవేటుగ కట్టిస్త."

గ్లాసు నిండి టీ పొయ్యి మీదికి ఒలికింది. చుయ్‌మన్న చప్పుడుకి అత్తమ్మ నా వైపు చూసింది. తర్వాత గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. ఆమెకు ముందే తెలుసన్నమాట.

మాది దుబ్బాక దగ్గర ఊరు. నాన్న మగ్గం మీద కూర్చుంటాడు, అమ్మ కండెలకు దారం చుడుతుంది. కండె లేకపోతే మగ్గం ఆడదు. అయినా చీర నేసింది ఎవరంటే నాన్న పేరే చెబుతారు. ఎనిమిది దాకా ఊరి బళ్ళోనే చదివాను. మామకు అమీర్‌పేటలో బ్లౌజుల దుకాణం. పంజాగుట్టలో ఒక పెద్ద బడికి యూనిఫారాలు కుట్టిస్తాడు. ఆ పరిచయం మీద నాకు తొమ్మిదిలో సీటు ఇప్పించాడు. "సదువుకుంటది, మీ అక్కకు తోడుంటది," అన్నాడు నాన్నతో. మొదటి సగం విని అమ్మ సంతోషంతో ఏడ్చింది. రెండో సగం ఏమిటో మధురానగర్ వచ్చాక నాకు అర్థమైంది. నీళ్ళు పట్టడం, మెట్లు కడగడం, అందరి డబ్బాలు సర్దడం అయ్యాక మెట్రో నీడలో పంజాగుట్ట దాకా పరుగులాంటి నడక. దారి పొడుగునా కంప్యూటర్ భాషలు నేర్పుతామని బోర్డులు. మామకు ఆ భాషలంటే గౌరవం. "జావా నేర్సిండంటే నౌకరి. పైథాన్ నేర్సిండంటే నౌకరి. ఇటలీ భాష నేర్సి ఏం జేస్తదిరా ఇది? అమీర్‌పేటల ఇటలీ అంగడి పెడతదా?" అని బావతో నవ్వేవాడు. "ఫోన్ల కొడితే అన్ని భాషలు అదే మాట్లాడుతది డాడీ," అనేవాడు బావ.

నేను కోరుకున్నది కాదు ఆ భాష. తొమ్మిదిలో విదేశీ భాష ఒకటి తీసుకోవాలి. ఫ్రెంచి, జర్మన్ నిండిపోయాయి. ఆలస్యంగా చేరినవాళ్ళకు ఇటాలియన్ మిగిలింది. మిగతా క్లాసులన్నిటిలో ఇంగ్లీషు నా కంటే ముందు పరుగెత్తుతుంటే, ఈ ఒక్క గంటలో అందరం ఒకే గీత దగ్గర నిలబడ్డాం. పైగా ఆ మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. ఒత్తు ఉన్నచోట ఒత్తి పలకాలి. అమ్మమ్మను నోన్నా అంటారు. నేను పలికినప్పుడు మంజూష మేడం, "అలా! ఒత్తు వినబడాలి," అన్నారు. ఆ బడిలో పెద్దవాళ్ళెవరైనా నా గొంతు విని తల ఊపడం అదే మొదలు.

మొదటి పరీక్షలో ఒక ఖాళీ వదిలేశాను. వాక్యాల్లో లుయి, లేయి సరిగ్గా పెట్టమన్నారు. టీచరు పాఠం చెబుతుంది, లేయి. డాక్టరమ్మ వచ్చింది, లేయి. అమ్మ పని చేస్తుంది అన్నచోట పెన్ను ఆగిపోయింది.

"ఏంటమ్మా వెన్నెలా, తెలిసిందే కదా, ఖాళీ వదిలేశావేంటి?" అన్నారు మేడం.

"లేయి అంటే ఆమె కదా మేడం. అమ్మకు వేరే మాట ఉంటదేమోనని..."

"వేరే మాటంటే?"

"అది అనే మాట."

క్లాసంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. కాగితం నా ముందు పెట్టారు. మేడం వాళ్ళది కాకినాడ వైపు. పెళ్ళయ్యాక కొన్నేళ్ళు ఇటలీలో ఉండి, ఒక్కరే తిరిగొచ్చారని పిల్లలు చెప్పుకుంటారు. "లేదమ్మా," అన్నారు. "మనుషులకి అతను, ఆమె, అంతే. ఇంకోటి చెప్పనా? ఎదుటివాళ్ళని మర్యాదగా మీరు అనాలన్నా లేయి అనే అంటారు. ఎదురుగా మగాడున్నా సరే."

"మేడం, మా డాడీని ఆమె అనాలా?" అని వెనక బెంచీలోంచి ఒకడు. మళ్ళీ నవ్వులు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నా చెవులు మారిపోయాయి. ఎటు విన్నా అదే మాట. అది వచ్చిందా, దానికి చెప్పు, దాన్ని పంపు. దుకాణం నుంచి ఎవరైనా హుక్కులకి, కాజాలకి బ్లౌజులు తెస్తే, "ఇంట్ల అది ఉంటది, దానికియ్యుండ్రి," అని మామ ఫోన్లో చెబుతాడు. ఆ అది అత్తమ్మ. అదే నోటితో, పుట్టింట్లో ఉన్న అక్క ఒళ్ళోని పసివాణ్ణి వీడియోలో చూసి, "సారు లేశిండ్రా? సారు పాలు తాగిండ్రా?" అంటాడు. తిట్టు కాదది. తిట్టయితే ఎవరికైనా వినబడేది. ముద్దొచ్చినా నాన్న నన్ను, "నా బిడ్డ, అది బంగారం," అనే అంటాడు. ఊరి బళ్ళో తెలుగు సారు కూడా చెప్పాడు, ఆవు వచ్చింది, లక్ష్మి వచ్చింది, క్రియ ఒక్కటే అని. ఎందుకు సార్ అని అడిగితే వ్యాకరణం అంతే అన్నాడు. అప్పుడు రాసుకుని ఊరుకున్నాను. ఇప్పుడు గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆ క్రియ నా వెనకే నడిచేది. ఆవు తిన్నది. అది తిన్నది. ఆవు పండుకున్నది. అది పండుకున్నది. ఆవు మాట్లాడింది అని మాత్రం ఎవరూ అనరు.

ఈ సంగతి నేను ఒక్క అత్తమ్మకే చెప్పాను. మధ్యాహ్నం, మగవాళ్ళు దుకాణంలో ఉన్నప్పుడు, ఇద్దరం కాజాలు కుడుతున్నాం. అత్తమ్మ కాజా కుడితే చూడాలి, చీమ బారులాగా సమంగా వస్తుంది దారం. వంకరగా వచ్చిందంటే ముందురోజు మామ చెయ్యి చేసుకున్నాడని అర్థం. దుకాణం బోర్డు మీద మాత్రం పర్శరాములు అండ్ సన్ అని ఉంటుంది.

"అత్తమ్మా, ఇటలీల ఇంటిని ఏమంటరో ఎరికేనా? కాజా అంటరు."

"కాజానా?" సూది ఆపి చూసింది. "గీ కాజానేనా?"

"గట్లనే పలుకుతరు."

"నిజమే పోవే. గుండీ దూరుడే గని, ఎల్లుడు రాదు," అని నవ్వింది. అత్తమ్మ నవ్వితే కుడివైపు విరిగిన పన్ను కనబడుతుంది. అందుకే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నాకు ధైర్యం వచ్చి, ఆ భాషలో మనుషులకు అది అనే మాట లేని సంగతీ, మగవాళ్ళను కూడా ఆమె అని మర్యాద చేసే సంగతీ చెప్పాను.

"మీ మామను సుత?"

"మామను సుత."

ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మరి నన్నేమంటరే?"

"లేయి."

నవ్వు ఆగిపోయింది. "ఊకో. అది మీ మామ నన్ను పొద్దుగాల లేపే మాట. లేయ్, నీళ్ళొచ్చినయి. లేయ్, టీ పెట్టు. లేయ్, చుట్టాలొస్తరు. ఇటలీకి పోయినా నాకు గదే రాసిపెట్టిండా దేవుడు?"

"గది కాదు అత్తమ్మా. ఆమె అని. మర్యాదతోని."

"లేయి," అంది మెల్లగా, నోట్లో రుచి చూస్తున్నట్టు. ఇంకోసారి కూడా అంది. తర్వాత దారం కొరికి, "ఎవలకన్న చెప్పేవు, పిచ్చిదంటరు," అని బ్లౌజు మడిచింది.

మేడం కిందటి వారమే నాకు చెప్పి ఉన్నారు. "మౌఖిక పరీక్ష రాయకపోతే... అదే, మాట్లాడకపోతే, నిన్ను పదిలోకి తీసుకోరమ్మా. నీది ఎలాగూ మీ మామయ్య మాట మీద వచ్చిన సీటు. ఆరోజు ఎలాగైనా రా. గొంతు రాకపోతే నేను మళ్ళీ అడుగుతాను, ఆగుతాను. కానీ నువ్వు ఎదురుగా ఉండాలి."

ఎదురుగా ఉండడం ఎంత కష్టమో మేడంకి తెలిసే అన్నారనుకుంటాను.

టీ పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. రాఘవయ్య గ్లాసు తీసుకుంటూ నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "ఇదేనా?" అన్నాడు. మామ అవునన్నట్టు తల ఊపాడు.

"మామా, ఇయ్యాల నాకు పరీక్ష ఉన్నది," అన్నాను. గ్లాసుల చప్పుడులో కలిసిపోయిందేమో, ఎవరూ తల ఎత్తలేదు. మళ్ళీ అన్నాను.

మామ శ్రవణ్ బావ వైపు తిరిగాడు. "ఏమంటున్నదిరా అది?"

"పరీక్షనంట డాడీ."

"ఇయ్యాల సారుకు నూనె రాసి నీళ్ళు పొయ్యాలె. చుట్టాలున్నరు. పరీక్షంట పరీక్ష." కోపం లేదు ఆ గొంతులో. దోమను తోలినట్టు తోలాడు.

హైందవక్క పిల్లవాణ్ణి భుజం మీదికి మార్చుకుంది. "చెల్లే, ఆరు నెలలు ఆగు. తర్వాత వీణ్ణి క్రెష్‌ల వేస్తం. నా నౌకరి పోతే మల్ల దొరకదు, నీకు తెలుసు గదా." అక్కది నిజమైన భయమే. ఆమె కళ్ళ కింద నిద్ర లేని నలుపు ఉంది. ఆమె నౌకరి కోసం ఎవరో ఒకరు ఆగాలి, బావను మాత్రం ఎవరూ అడగలేదు. బావ ఫోన్ చూసుకుంటున్నాడు.

మామ నాన్నకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. వెనక మగ్గం ఆడుతున్న చప్పుడు. "మామ చెప్పినట్టు ఇను బిడ్డా," అన్నాడు నాన్న. అమ్మకియ్యి అన్నాను. "అది కండెల కాడ ఉన్నది," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

"అయిపాయె," అన్నాడు మామ ఫోన్ జేబులో పెట్టుకుంటూ. నాతో కాదు, అత్తమ్మతో. "దానికి చెప్పు. గడప దాటిందంటే మల్ల ఈ గడప తొక్కుడు లేదు. సీదా బస్సెక్కిస్త. మధ్యల నువ్వేమన్న అడ్డమొచ్చినవో..." వియ్యంకుడు ఉన్నాడని మిగతాది మింగాడు. అత్తమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ తల ఊపింది.

వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఊరికి పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. అమ్మ పక్కన ఇంకో చరఖా వేస్తారు. ఇక్కడే ఉంటే ఏమవుతుందో కూడా తెలుసు, అత్తమ్మ చేతులు రోజూ చూస్తున్నాను. పరీక్షకి వెళ్తే బయటపడతానని కాదు. పాస్ అయినా సాయంత్రం ఎక్కడికి రావాలో తెలియదు. అయినా ఈ పట్నంలో ఒకే ఒక్క గదిలో, ఒకే ఒక్క మనిషి, మీ ఇంట్లో ఎవరెవరున్నారు అని అడిగి, నేను చెప్పేదాకా ఆగుతానంది. ఆ గదిలోకి వెళ్ళి అమ్మను లేయి అనాలి. అత్తమ్మను లేయి అనాలి. బయటికి వినబడేలాగా ఒక్కసారి అనాలి.

స్నానాలగదిలో యూనిఫారం తొడుక్కున్నాను. నేను పిల్లవాడికి నీళ్ళు కాస్తున్నానని అందరూ అనుకుంటున్న వేళ, సంచి ఛాతీకి అదుముకుని హాలు అంచు వెంబడి నడిచి, తలుపు దాటి, మొదటి మెట్టు మీద కూర్చున్నాను. బూట్లు తొడుక్కుని లేసు కడుతున్నాను.

లోపల పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు.

"అది యాడ వోయింది?" మామ గొంతు. "సారు ఏడుస్తుండు, దాన్ని పిలువు."

తలుపు దగ్గరికి అత్తమ్మ వచ్చింది. చేతిలో నూనె గిన్నె. నన్ను చూసింది. నా చొక్కా గుండీల మీద చూపు ఆగింది. ఆ కాజాలు తను కుట్టినవే.

"ఏమే, ఉన్నదా అక్కడ?" మామ కుర్చీ జరిపిన చప్పుడు.

అత్తమ్మ రెండో చెయ్యి తలుపు మీద వేసింది. నా మీంచి చూపు తియ్యకుండానే లోపలికి వినబడేలా, "అది లేదు," అంది.

తర్వాత నాకు మాత్రమే వినబడేంత మెల్లగా, "లేయి," అంది.

లెమ్మందో, ఆమె అందో అడిగేలోపే తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.